మంచులో కుందేలు

తెలుగునాట పెరిగిన వారికి ఆకాశమునుండి హిమము రాలుట చిత్రములందు చూచినదే గాని కంటబడినది కాదు. కెనడా దేశమున నట్లు గాదు. శీతకాలము వచ్చెనా, ఇండ్ల పెరడులన్నియు తెల్లని మంచుతో నిండిపోవును. అచ్చట కుందేళ్లను పెంచుకొను పిల్లలు కొందరు కలరు. తాము మంచులో ఆడుకొనునపుడు తమ కుందేలును గూడ వెంట గొనిపోవలెనని వారికి తోచుట సహజమే. కుందేలు మొదట మంచును వాసన చూచును. ఒక పాదము మోపి వెనుకకు దీయును. పిమ్మట ధైర్యము తెచ్చుకొని గంతులు వేయుచు, ముంగాళ్లతో త్రవ్వుచు ఆడును. చూచువారికి కన్నులపండువే. కాని పెంచువారు ఏమరినచో ఆ యాట ప్రాణముమీదికి వచ్చును.

ఆ దేశపు అడవులలో శీతకాలమున తెల్లని బొచ్చు ధరించు కుందేలుజాతి యొకటి కలదు. దాని వెనుకపాదములు మిక్కిలి వెడల్పైనవి. అందుచే మెత్తని మంచులో దిగబడక పరుగెత్తగలదు. పెంపుడు కుందేలు దాని సంతతి గాదు. దీని పూర్వులు స్పెయిను, పోర్చుగలు ప్రాంతములందు నేలలో బొరియలు త్రవ్వుకొని బ్రదికిన జీవులు.

అట్లని పెంపుడు కుందేలు చలికి నిలువజాలదని యనుకొనరాదు. నిజమునకు మన వేసవియెండయే దానికి ఎక్కువ కీడు చేయును. దాని దేహమున పొడవైన రోమముల క్రింద పొట్టివై, మెత్తనివై, దట్టమైన రోమములు కలవు. వాని నడుమ చిక్కుకొన్న గాలియే కుందేలునకు కంబళి. దేహపు వేడిని అది వెలుపలికి పోనీయదు. మంచు కరగి రోమములు తడిసినచో గాలి యుండవలసిన చోట నీరు చేరి వేడిని లాగివేయును. కుందేలు శరీరోష్ణము సుమారు 38.5 మొదలు 40 డిగ్రీల సెంటిగ్రేడు వఱకు నుండును. అది పడిపోయెనా, బ్రదుకుట కష్టము. కావున పొడిమంచు కురిసిన దినముననే గాని, కరగుచున్న మంచులోను, ఈదురుగాలిలోను దానిని వదలరాదు.

వెచ్చని గదిలో పెరిగిన కుందేలునకు శీతకాలపు దట్టమైన బొచ్చు పూర్తిగ రాదు. దానికి మొదటిసారి ఐదుపది నిమిషములు చాలును. కూనలను, ముసలివాటిని, జబ్బుపడినవాటిని వెలుపలికి తేనేరాదు. బాట ప్రక్కనున్న మంచు పనికిరాదు. అది కరగుటకై ఉప్పు చల్లుదురు. కుందేలు పాదములు నాకుకొనును గదా, ఆ యుప్పు కడుపులోనికి పోవును.

అన్నింటికంటె చిక్కైన సంగతి మరియొకటి. కుందేలు తన బాధను తెలుపదు. నక్కకు, డేగకు ఆహారమగు జంతువు గనుక బలహీనతను దాచుకొనుట దాని స్వభావము. అది ముడుచుకొని కదలక కూర్చుండగా, హాయిగ నున్నదని పిల్లలు భ్రమపడుదురు. మనవారు కుందేలును చెవులపిల్లి యనియు పిలుతురు. ఆ చెవులనే తాకి చూడవలెను. పలుచనివి గనుక అవి ముందుగా చల్లబడును. చెవులు మంచుగడ్డలవలె నున్నను, పొట్ట తడిసినను, వణకు పుట్టినను వెంటనే లోనికి గొనిపోయి పొడిగుడ్డతో తుడువవలెను. నిప్పుకు దగ్గరగ నుంచరాదు. ఒడలు వ్రేలబడి, గడ్డి ముట్టనిచో పశువైద్యుని యొద్దకు పోవలసినదే.

బయటికి తెచ్చుటకు వీలులేనపుడు కొందరు వెడల్పైన పళ్లెమున శుభ్రమైన మంచు నింపి గదిలో నుంచుదురు. కుందేలు తనకు తోచినపుడు వచ్చి త్రవ్వును. పాదములు చల్లబడగనే తన గడ్డిపరుపునకు మరలిపోవును.