గొంతు నొప్పి గుండెను ఎలా దెబ్బతీస్తుంది?

గొంతు నొప్పి ఎక్కువసార్లు వైరస్‌ల వల్లే వస్తుంది, దానంతటదే తగ్గిపోతుంది. కొన్నిసార్లు మాత్రం స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల వస్తుంది. 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. పట్టించుకోకపోతే కొందరికి రెండు మూడు వారాల తర్వాత రుమాటిక్ జ్వరం మొదలవుతుంది. ఉదాహరణకు ముందు మోకాలు వాస్తుంది, అది తగ్గేలోపు చీలమండ వాస్తుంది. గుండె కూడా వాయొచ్చు.

బ్యాక్టీరియా గుండెలోకి వెళ్లిందా? లేదు! దెబ్బ కొట్టేది మన రోగనిరోధక వ్యవస్థే. ఆ బ్యాక్టీరియా ప్రొటీన్లు కొన్ని మన గుండెలోని ప్రొటీన్లను పోలి ఉంటాయి. దాంతో దొంగ అనుకుని ఇంటివాడినే కొట్టినట్టు అవుతుంది.

రక్తం వెనక్కి మళ్లకుండా చూసే కవాటాలు గుండెలో నాలుగున్నాయి. ఎక్కువగా పాడయ్యేది ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం. రుమాటిక్ జ్వరం పదేపదే వస్తే దాని రెక్కలు మందమై, అంచులు అతుక్కుపోతాయి. దారి ఇరుకై రక్తం ఊపిరితిత్తుల్లో నిలవడంతో నాలుగు మెట్లెక్కినా ఆయాసమే. ఈ సంగతి ఏళ్ల తర్వాత గానీ బయటపడకపోవచ్చు.

ఇంత కష్టాన్ని పెన్సిలిన్ లాంటి పాత, చవక మందు ఆపగలదు. గొంతు నొప్పి మొదలైన 9 రోజుల్లోపు వాడితే రుమాటిక్ జ్వరం దాదాపు రాదు. ఒకసారి వచ్చినవాళ్లు మాత్రం మూడు నాలుగు వారాలకోసారి ఇంజెక్షన్ ఏళ్ల తరబడి చేయించుకోవాలి.

దగ్గు, జలుబు లేకుండా జ్వరంతో గొంతు మండుతుంటే వెంటనే ఇంట్లో చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి. నొప్పి తగ్గినా మాత్రలు మధ్యలో మానకండి.