పది పిల్లుల ఇల్లు: వాసన వెనుక రసాయనశాస్త్రం

వానలో తడుస్తున్న ఒక కూనను మీరు ఇంటికి తెచ్చారు. మరుసటి నెల కాలు విరిగిన పిల్లి ఒకటి వచ్చి చేరింది. ఎవరో అట్టపెట్టెలో మూడింటిని పెట్టి మీ గుమ్మం ముందు వదిలి వెళ్ళారు. రెండేళ్ళు తిరిగేసరికి రెండు గదుల వాటాలో పది పిల్లులు! ఒకనాడు అద్దె కోసం వచ్చిన ఇంటి యజమాని గుమ్మం దగ్గరే ఆగి ముక్కుకు చేయి అడ్డం పెట్టుకున్నాడు. మీకు ఆశ్చర్యం వేసింది. రోజూ ఇల్లు తుడుస్తూనే ఉన్నారు, మీకేమీ వాసన రావడం లేదే!

ఆయన చెప్పేది నిజమే, మీరు చెప్పేదీ నిజమే. ఒకే వాసన ఎడతెగకుండా తగులుతుంటే మన ముక్కులోని ఘ్రాణకణాలు, వాటి సంకేతాలను అందుకునే మెదడు భాగాలు క్రమంగా స్పందించడం తగ్గిస్తాయి. ఎండుచేపలు అమ్మేవాడికి తన అంగడి వాసన తెలియకపోవడం ఇందువల్లనే. కాబట్టి పిల్లులున్న ఇంటి విషయంలో ఆ ఇంటివాళ్ళ ముక్కు సాక్ష్యం చెల్లదు. కొన్ని గంటలు బయట గడిపి వచ్చి తలుపు తీసిన మొదటి క్షణంలో ఏం తగిలిందో అదే లెక్క. అంతకన్నా మేలు, మొహమాటం లేని స్నేహితుణ్ణి పిలిచి అడగడం. ఇది పరువుకు సంబంధించిన విషయం మాత్రమే కాదు. వాసన కారణంగా ఇల్లు ఖాళీ చేయవలసి వస్తే ఆ పది పిల్లులకూ మళ్ళీ వీధే గతి.

అసలు పిల్లి మూత్రానికి అంత ఘాటు ఎందుకు? మన ఇళ్ళలోని పిల్లుల పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా పొడి నేలల్లో తిరిగిన అడవి పిల్లులు. నీరు దొరకని చోట బతకాలంటే శరీరంలోని ప్రతి చుక్కనూ పొదుపు చేయాలి. అందుకే పిల్లి మూత్రపిండాలు నీటిని వెనక్కి లాగేసుకుని, వ్యర్థాలను కొద్దిపాటి నీటిలో చాలా గాఢంగా బయటకు పంపుతాయి. పైగా పిల్లి మాంసాహారి. మాంసకృత్తులు ఎక్కువైతే యూరియా కూడా ఎక్కువే. నాలుగు కిలోల పిల్లి రోజుకు సుమారు 100 మిల్లీలీటర్ల మూత్రం విడుస్తుందనుకుందాం. పది పిల్లులకు లీటరు. నెలకు 30 లీటర్లు, అంటే రెండు పెద్ద బిందెలు! మీ గదుల్లో నెలనెలా ఇంత చేరుతోందన్నమాట.

అయితే యూరియాకు వాసన లేదు. తాజా మూత్రం కాస్త ఆమ్లగుణంతో ఉంటుంది, అమోనియా వాసన కూడా అంతగా రాదు. బాక్టీరియాలు చేరాక కథ మారుతుంది. వాటిలోని యూరియేజ్ అనే ఎంజైము ఒక్కో యూరియా అణువు నుండి రెండు అమోనియా అణువులను పుట్టిస్తుంది. అమోనియా పెరిగినకొద్దీ ఆ మడుగు క్షారగుణం పొందుతుంది. క్షారగుణం పెరిగినకొద్దీ అమోనియా మరింత తేలికగా గాలిలోకి లేస్తుంది. అంటే తుడవడం ఎంత ఆలస్యమైతే సమస్య అంతకంతకూ ముదురుతుంది. కార్మికులు పని దినంలో పీల్చే గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలకు మించి అమోనియా ఉండరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సిఫారసు. మరి ఆ ట్రేలోకి ముక్కు పెట్టి వాసన చూసే కూన సంగతి? జలుబుతో కళ్ళు, ముక్కు కారుతున్న వీధి కూనలకు ఈ వాయువు ఇంకా చేటు.

అమోనియా సగం కథే. పిల్లికే ప్రత్యేకమైన ఆ మొండి వాసన వేరే చోట నుండి వస్తుంది. 1953లో వెస్టాల్ అనే శాస్త్రవేత్త పిల్లి మూత్రంలో గంధకం ఉన్న ఒక కొత్త అమైనో ఆమ్లాన్ని కనుగొన్నాడు. దాని పేరు ఫెలినిన్. అది ఎలా తయారవుతుందో 2006లో జపాన్‌కు చెందిన మసావో మియాజాకి, ఆయన సహచరులు తేల్చారు. పిల్లి మూత్రపిండాలు కాక్సిన్ అనే ఒక ప్రోటీన్‌ను మూత్రంలోకి వదులుతాయి. అది కత్తెరలా పనిచేసి ఒక పెద్ద అణువు నుండి ఫెలినిన్‌ను వేరు చేస్తుంది. మనుషుల మూత్రంలో ప్రోటీన్ బాగా కనబడితే డాక్టరు కంగారు పడతాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్లికి అది మామూలే! ఈ ఫెలినిన్ నెమ్మదిగా విరిగి థయోల్ జాతి పదార్థాలను విడుదల చేస్తుంది. ఈ జాతి మీకు పరిచయమే. వంటగ్యాసు లీకైతే తెలియడానికి కలిపే మెర్కాప్టాన్ కూడా థయోలే. లేశమాత్రం ఉన్నా మన ముక్కు పట్టేస్తుంది. అందుకే ఎప్పుడో ఎండిపోయిన మరక వర్షాకాలపు తేమ తగలగానే మళ్ళీ ప్రాణం పోసుకుంటుంది.

ఇలా తిరిగొచ్చే వాసనకు యూరిక్ ఆమ్లం స్ఫటికాలే కారణమని చాలామంది రాస్తుంటారు. కోతిజాతికి చెందిన మనకు యూరిక్ ఆమ్లాన్ని విడగొట్టే ఎంజైము లేదు గానీ పిల్లికి ఉంది. దాని మూత్రంలో యూరిక్ ఆమ్లం పెద్దగా ఉండదు. నేరం దాని మీద మోపడం సరికాదు.

ఇక మనం సాధారణంగా చేసే పొరపాట్లు చూద్దాం. అగరుబత్తి వాసనను కప్పుతుందే తప్ప తీసివేయదు. ఇంట్లో పొగ మాత్రం మిగులుతుంది. బూడిద, సున్నం చల్లడం పల్లెల్లో పాత అలవాటు. కానీ అవి క్షారాలు. తడి మీద చల్లితే ద్రవంలో కరిగి ఉన్న అమోనియాను కూడా గాలిలోకి తరిమేస్తాయి. బ్లీచింగ్ పౌడర్ మూత్రంతో కలిస్తే క్లోరమీన్ అనే ఘాటైన వాయువులు పుడతాయి. ఊపిరితిత్తులకు అవి ప్రమాదం. వెనిగర్‌తో కలిస్తే ఏకంగా క్లోరిన్ వస్తుంది.

అన్నిటికన్నా పెద్ద పొరపాటు ఫినాయిల్. నల్ల ఫినాయిల్‌లో ఫినాల్ జాతి పదార్థాలుంటాయి. మన కాలేయం ఇలాంటివాటికి గ్లూకురోనిక్ ఆమ్లాన్ని తగిలించి, నీటిలో కరిగేలా చేసి బయటకు పంపుతుంది. ఆ పని చేసే ఎంజైములలో ముఖ్యమైన ఒకదాని జన్యువు పిల్లిలో చెడిపోయి ఉంది. అందుకే మనం జ్వరానికి వేసుకునే ఒక్క పారాసెటమాల్ బిళ్ళ పిల్లి ప్రాణం తీయగలదు. ఫినాయిల్ పెట్టి తుడిచిన తడి నేల మీద పిల్లి నడుస్తుంది, తర్వాత కూర్చుని పాదాలు నాకుతుంది. విషం నోట్లోకి వెళ్ళినట్లే. తెల్ల ఫినాయిల్‌లోని పైన్ నూనె కూడా పిల్లులకు పడదు. బీరువా అడుగున వేసే కలరా ఉండలూ అంతే. వాసన పోగొట్టబోయి పిల్లిని పోగొట్టుకోకండి.

మరి ఏం చేయాలి? తాజా మూత్రాన్ని పాత బట్టతోనో కాగితంతోనో అద్దండి, రుద్దవద్దు. నీళ్ళతో రెండు మూడుసార్లు కడగండి. తర్వాత సగం వెనిగర్, సగం నీళ్ళు కలిపి తుడిస్తే ఆ ఆమ్లం అమోనియాను గాలిలోకి లేవని లవణంగా మారుస్తుంది. ఒక్క జాగ్రత్త. మీ ఇంట్లో పరిచినవి షాబాద్ బండలో, కడప బండలో, పాలరాయో అయితే వెనిగర్ వాడకండి. అవి సున్నపురాతి జాతివి కాబట్టి ఆమ్లం వాటిని తినేస్తుంది. గరుకెక్కిన బండలో మూత్రం ఇంకా లోతుకు ఇంకుతుంది. అక్కడ నీళ్ళు, సబ్బు నీళ్ళే శరణ్యం.

థయోల్ పని పట్టడానికి ఒక మంచి ఉపాయం ఉంది. దుర్వాసన చిమ్మే స్కంక్ అనే అమెరికా జంతువు కోసం పాల్ క్రెబామ్ అనే రసాయనవేత్త దీన్ని రూపొందించగా 1993లో వెలుగులోకి వచ్చింది. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒక లీటరు, వంటసోడా పావు కప్పు, గిన్నెలు తోమే ద్రవం ఒక చెంచా. పెరాక్సైడ్ ఆక్సిజన్‌ను అందించి థయోల్‌ను వాసన లేని పదార్థంగా మారుస్తుంది. మందుల షాపులో దొరికేది సాధారణంగా 6 శాతం ఉంటుంది, సమానంగా నీళ్ళు కలపండి. మిశ్రమాన్ని అప్పటికప్పుడే వాడి మిగిలింది పారబోయాలి. సీసాలో బిగిస్తే ఆక్సిజన్ పుట్టి సీసా పగులుతుంది. రంగు బట్టలు వెలుస్తాయి కాబట్టి ముందు ఒక మూల పరీక్షించండి. ఇది మరకలకే, పిల్లి ఒంటికి కాదు. ఆరేదాకా పిల్లులను ఆ గదిలోకి రానివ్వకండి. పాత మరకలు ఎక్కడున్నాయో తెలియకపోతే దుకాణాల్లో దొంగనోట్లు పట్టే అతినీలలోహిత దీపం తెచ్చి రాత్రి గదిలో వెలిగించండి. ఎండిన మూత్రం మెరుస్తుంది. కొందరికి ఆ రాత్రి నిద్ర పట్టకపోవచ్చు!

ట్రే విషయానికొస్తే, 1947లో అమెరికాలో ఎడ్వర్డ్ లో అనే వ్యాపారి ఇసుక, బూడిదలకు బదులు ఫుల్లర్స్ ఎర్త్ అమ్మడం మొదలుపెట్టాడు. అది మనవాళ్ళు ముఖానికి రాసుకునే ముల్తానీ మట్టే! ఇప్పుడు గడ్డకట్టే బెంటొనైట్ మట్టి దొరుకుతోంది. ముడిసరుకు మన కచ్‌లో, బార్మేర్‌లో పుష్కలం. పదింటికి సరిపడా కొనడం భారమైతే రంపపు పొట్టు, కాగితం ముక్కలు కూడా పనికొస్తాయి, కానీ తరచుగా మార్చాలి. పిల్లులకన్నా ఒక ట్రే ఎక్కువ ఉండాలని పశువైద్యులు అంటారు. రెండు గదుల్లో పదకొండు ట్రేలు ఎక్కడ పెడతాం? కనీసం ఐదారు వేర్వేరు మూలల్లో పెట్టి, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి తీయండి. మలం రోజూ తీయడానికి ఇంకో కారణం ఉంది. అందులో టాక్సోప్లాస్మా పరాన్నజీవి ఉంటే, అది సోకే దశకు రావడానికి ఒకటి నుండి ఐదు రోజులు పడుతుంది. గర్భిణులు ఈ పని వేరేవారికి అప్పగించడం మంచిది.

ఇంత శ్రమ పడినా ఇంట్లో ఆపరేషన్ కాని గండుపిల్లి ఒకటి ఉంటే అంతా బూడిదలో పోసిన పన్నీరే. ఫెలినిన్ గండుపిల్లి మూత్రంలో ఆడ పిల్లుల కన్నా అనేక రెట్లు ఎక్కువ. పైగా అది తోక ఎత్తి గోడల మీద చిమ్ముతుంది. దానికి ఆ వాసన విలాసపు చీటీ. ఆపరేషన్ చేయిస్తే సుమారు 90 శాతం గండుపిల్లుల్లో ఈ చిమ్మడం తగ్గుతుంది. నా ఉద్దేశంలో నెల ఖర్చులో కోత పెట్టవలసి వస్తే ఖరీదైన మట్టిలో పెట్టండి గానీ ఇందులో వద్దు. పదకొండో కూనను తెచ్చే ముందు ఆ రెండు బిందెల లెక్క కూడా ఒకసారి గుర్తు చేసుకోండి.

ట్రేకు అలవాటుపడిన పిల్లి హఠాత్తుగా మంచం మీదో నేల మీదో పోస్తే కోప్పడకండి. చాలాసార్లు అది మూత్రాశయ వ్యాధి. ముఖ్యంగా మగ పిల్లి మాటిమాటికీ ట్రేలో కూర్చుని, ముక్కి, చుక్క కూడా రాక అరుస్తోందంటే మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అలాంటప్పుడు ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. నేల తుడవడం తర్వాత చూసుకోవచ్చు, ముందు దాన్ని బుట్టలో పెట్టుకుని వెంటనే పశువైద్యుని దగ్గరకు బయలుదేరండి.