ఆసనాలేనా యోగమంటే?

మా కాలనీలో నలుగురు ఆడవాళ్ళు కలిస్తే యోగా ప్రస్తావన రాకుండా ఉండదు. నడుంనొప్పి తగ్గిందని ఒకావిడ మురిసిపోతుంది. "రోజూ పూజ చేసుకుంటున్నాంగా, మళ్ళీ ఇదెందుకు?" అంటుంది ఇంకొకావిడ. పక్కింటి పిన్నిగారైతే, "జ్ఞానం పండితులకి, యోగం సన్యాసులకి, భక్తి మనకి" అని తేల్చేస్తారు.

నిజంగా మన పెద్దలు అలా వాటాలు వేశారా? భగవద్గీతలో 18 అధ్యాయాలకీ యోగమనే పేరు. కర్మయోగం, భక్తియోగం సరే, అర్జునుడి విషాదం కూడా యోగమే! ఏ దారిన వెళ్ళినా మనసు నిలకడ కావాలి. ఆ నిలకడ నేర్పేదే యోగం. చెయ్యి పూలమీద, మనసు పొయ్యిమీది పాలమీద ఉంటే ఎంతసేపు పూజ చేసి ఏం లాభం చెప్పండి?

పతంజలి యోగసూత్రాలు 195 దాకా ఉన్నాయి. ఆసనం గురించి సూటిగా చెప్పినవి మూడే. ఎనిమిది అంగాల్లో ఆసనం మూడోది. దానికంటే ముందు యమం, నియమం. అంటే అహింస, సత్యం, శౌచం, సంతోషం వగైరా. వీటికి చాపా అక్కర్లేదు, మాస్టారూ అక్కర్లేదు. కోడల్ని ఓ మాట అనబోయి ఆగితే అదీ అహింసే. అందరికీ వేడిగా వడ్డించి, తాను చల్లారిన మెతుకులతో సరిపెట్టుకునే ఇల్లాలు తన ఒంటిమీద కాస్త దయ చూపించుకోవడమూ అహింసే అంటాన్నేను.

"ఆడవాళ్ళకి యోగమేమిటి?" అనేవాళ్ళకి తరిగొండ వెంగమాంబ పేరు చెప్పండి. 18వ శతాబ్దంలో, చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకున్న మనిషి. వితంతువుకి లోకం విధించిన వేషానికి ఒప్పుకోలేదు. తిరుమల చేరింది. తుంబురుకోన ఏకాంతంలో తపస్సు చేసుకుందని చెబుతారు. వేంకటేశ్వరుడికి పరమభక్తురాలు. ఆమే "రాజయోగామృతసారం" కూడా రాసింది, అదీ ఆడవాళ్ళు సులువుగా పాడుకునే ద్విపదలో! భక్తికీ యోగానికీ మధ్య గోడ ఆమెకి కనబడలేదు. మనకెందుకు?

"టైమెక్కడిది?" అంటారా? పిల్లల పరీక్షలంటే టీవీ గొంతు తగ్గిస్తాం. ఆయన పేపరు చదువుతుంటే కదిలించం. అలాగే పొద్దున్నో సాయంత్రమో ఓ పదినిమిషాలు అమ్మవి అని ఇంట్లో చెప్పేద్దాం. మోకాళ్ళనొప్పులుంటే కుర్చీలోనే కూర్చుని, వచ్చేపోయే ఊపిరిని గమనిస్తే చాలు. కష్టమైన ఆసనాల జోలికి మాత్రం డాక్టర్నడక్కుండా వెళ్ళకండి.

ఆ పదినిమిషాల్లో కుక్కర్ విజిల్ వేస్తే? కట్టేయడం ఇంట్లో మిగతావాళ్ళకీ వచ్చు లెండి!