కదలికే అసలు పని: అయాన్ క్వాంటం కంప్యూటర్లపై అపోహలు – వాస్తవాలు

అమరావతి క్వాంటం వ్యాలీకి వస్తుందని 2025లో ప్రకటించిన ఐబీఎం యంత్రం సూపర్‌కండక్టింగ్ రకానిది. క్వాంటం కంప్యూటర్లన్నీ అలాగే ఉంటాయని చాలామంది అనుకుంటారు. ఒక్కొక్క పరమాణువునే క్యూబిట్‌గా, అంటే క్వాంటం సమాచారాన్ని దాచే మూల ప్రమాణంగా, వాడే మరో రకం కూడా ఉంది. పరమాణువు నుంచి ఒక ఎలక్ట్రాన్‌ను తీసేస్తే ధనావేశమున్న అయాన్ మిగులుతుంది. ఆవేశం ఉంది కనుక దాన్ని విద్యుత్ క్షేత్రంతో పట్టుకోవచ్చు, జరపవచ్చు, ఆపవచ్చు. ఈ జరపడం, ఆపడం గురించే అపోహలు ఎక్కువ.

అపోహ: అయాన్లను గాలిలో నిలబెట్టేది లేజర్లే.

వాస్తవం: ముందుగా, అక్కడ గాలే ఉండదు. గాలి అణువు ఒక్కటి తగిలినా అయాన్ చెదిరిపోవచ్చు, అందుకే అత్యంత గట్టి శూన్యం కావాలి. ఇక అయాన్‌ను నిలిపేది విద్యుత్ క్షేత్రం. అయితే స్థిరమైన క్షేత్రం ఒక్కటే ఆ పని చేయలేదని శామ్యూల్ ఎర్న్‌షా 1842లోనే చూపించాడు. ఒక దిశలో లోపలికి నెట్టే క్షేత్రం మరో దిశలో తప్పకుండా బయటికి లాగుతుంది. 1950ల్లో జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ పౌల్ దీనికి దారి కనిపెట్టాడు: క్షేత్రాన్ని సెకనుకు కోట్లసార్లు తిరగేయడం. అయాన్ ఒక పక్కకు జారేలోపే ఆ దిశలో నెట్టుడు మొదలవుతుంది, మొత్తం మీద అది మధ్యలోనే ఉండిపోతుంది. పౌల్‌కూ, హాన్స్ డెమెల్ట్‌కూ 1989లో నోబెల్ వచ్చింది ఈ అయాన్ ట్రాప్‌లకే. లేజర్లు చేసేది అయాన్‌ను చల్లబరచడం, గేట్లు (క్యూబిట్లపై చేసే లెక్క మెట్లు) నడపడం, చివర్లో ఫలితం చదవడం.

అపోహ: యంత్రం మొత్తాన్నీ పరమ శూన్య ఉష్ణోగ్రత దగ్గరికి చేర్చాలి.

వాస్తవం: ఇక్కడ చల్లబడాల్సింది అయాన్ కదలిక మాత్రమే, ఆ పని లేజర్ కాంతి చేస్తుంది. ట్రాప్ మామూలు గది వేడిమిలోనే ఉన్నా పనిచేస్తుంది. కొన్ని ప్రయోగశాలలు దాన్ని చల్లగా ఉంచుతాయి కానీ, అది ఎలక్ట్రోడ్ల ఉపరితలం నుంచి వచ్చే విద్యుత్ అలజడి తగ్గడానికీ, శూన్యం మెరుగుపడడానికీ.

అపోహ: కదలిక శత్రువు. అయాన్ ఎంత బిగుసుకుని ఉంటే అంత మంచిది.

వాస్తవం: నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే. రెండు క్యూబిట్ల మధ్య లెక్క జరిగేదే కదలిక ద్వారా. వరుసలో అయాన్లు కొన్ని మైక్రాన్ల దూరంలో ఉంటాయి, ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఒకటి ఊగితే అన్నీ ఊగుతాయి. ఆ ఉమ్మడి ఊపుతో క్యూబిట్లను ముడిపెట్టవచ్చని ఇగ్నాసియో సిరాక్, పీటర్ జోలర్ 1995లో ప్రతిపాదించారు. అదే ఏడాది అమెరికాలో, బౌల్డర్‌లోని నిస్ట్ ప్రయోగశాలలో క్రిస్ మన్రో, డేవిడ్ వైన్‌లాండ్ బృందం ఒకే బెరీలియం అయాన్‌తో, దాని ఊపునే రెండో క్యూబిట్‌గా వాడి గేటు నడిపింది. ఇప్పటి గేట్లలో లేజర్ అయాన్లను వాటి స్థితిని బట్టి వేర్వేరుగా నెడుతుంది. గేటు ముగిసే క్షణానికి ఊపు సరిగ్గా మొదలైన చోటికి తిరిగి రావాలి. రాకపోతే క్యూబిట్లోని సమాచారంలో కొంత ఊపులోనే చిక్కుకుపోతుంది, అదే తప్పుగా బయటపడుతుంది.

అపోహ: అయాన్లను వరుసలో చేర్చుకుంటూ పోతే కంప్యూటర్ పెద్దదవుతుంది.

వాస్తవం: కొంతవరకే. అయాన్లు పెరిగేకొద్దీ ఊగే తీరులూ పెరుగుతాయి, వాటి పౌనఃపున్యాలు ఇరుకిరుకుగా చేరతాయి. కావలసిన ఊపును మాత్రమే కదపడం కష్టమవుతుంది. అందుకే 2002లో కీల్‌పిన్‌స్కీ, మన్రో, వైన్‌లాండ్ వేరే దారి చెప్పారు: అయాన్లను చిన్న గుంపులుగా ఉంచి, లెక్క అవసరమైనప్పుడు గేటు చేసే చోటికి తెచ్చి, మళ్లీ పంపించేయడం. క్వాంటినమ్ సంస్థ హెచ్2 యంత్రం ఈ దారిలోదే. రేస్‌ట్రాక్ ఆకారంలో ఉన్న దాని ట్రాప్‌లో 2023లో 32 క్యూబిట్లు, 2024లో 56 తిరిగాయి.

అపోహ: జరిపితే క్యూబిట్ చెరిగిపోతుంది.

వాస్తవం: సమాచారం ఉండేది అయాన్ లోపలి శక్తి స్థాయిల్లో. అయాన్ ప్రయాణం దాన్ని పెద్దగా తాకదు. చెడేది ఊపు. జరిపినప్పుడు అయాన్ వేడెక్కితే తర్వాతి గేటు పాడవుతుంది. కాబట్టి నిండు బిందెను తొణక్కుండా మోసినట్టు మోయాలి, అదీ పరుగుతో. 2012లో నిస్ట్ బృందం ఒక అయాన్‌ను 370 మైక్రాన్ల దూరం 8 మైక్రోసెకన్లలో జరిపింది. సగటున గంటకు 160 కిలోమీటర్లు దాటిన వేగం అది. ఆగిన తర్వాత దాని ఊపులో పెరిగింది ఒక క్వాంటంలో, అంటే ఊపు శక్తి పెరిగే అతి చిన్న మెట్టులో, పదో వంతు. ఎలక్ట్రోడ్ల మీద వోల్టేజిలను మైక్రోసెకనులో చిన్న భాగాల వారీగా మార్చుకుంటూ పోతేనే ఇది సాధ్యం.

జరపడం కన్నా కష్టం విడదీయడం. విద్యుత్ క్షేత్రం అయాన్లను ఒక గుంటలో ఉంచినట్టు పట్టి ఉంచుతుంది; రెండు అయాన్లున్న ఆ గుంటను రెండు గుంటలుగా చీల్చాలి. చీలే క్షణంలో గుంట అడుగు దాదాపు చదునవుతుంది, అయాన్లను పట్టి ఉంచే బలం సడలుతుంది. సరిగ్గా అప్పుడే అలజడి వాటిని ఎక్కువగా కుదుపుతుంది. ఎక్కడి నుంచో చిన్న క్షేత్రం తోడైతే రెండూ ఒకే పక్కకు పోతాయి. అదే 2012 ప్రయోగంలో విడదీయడానికి 55 మైక్రోసెకన్లు పట్టింది, ఒక్కో అయాన్‌కు సుమారు 2 క్వాంటాల ఊపు అంటుకుంది.

ఆ వేడిని తీయడానికి లేజర్‌ను నేరుగా క్యూబిట్ మీద వేస్తే సమాచారం పోతుంది. అందుకే పక్కనే వేరే మూలకపు అయాన్‌ను ఉంచుతారు. హెచ్2లో యటర్బియం లెక్క చేస్తే బేరియం చల్లబరుస్తుంది. బేరియానికి సరిపోయే రంగు కాంతి యటర్బియాన్ని పట్టించుకోదు, కానీ రెండూ కలిసే ఊగుతాయి కనుక రెండూ చల్లబడతాయి.

అపోహ: యంత్రం వేగం గేటు వేగమే.

వాస్తవం: ఈ రకం యంత్రాల్లో ఎక్కువ సమయం పట్టేది గేట్లకు కాదు, అయాన్లను జరపడానికీ, మళ్లీ చల్లబరచడానికీ. క్యూబిట్ల సంఖ్యలు మాత్రమే చెప్పి ఈ సంగతి వదిలేసే వార్త సగం వార్తే అంటాను.

అపోహ: క్షేత్రాన్ని సెకనుకు కోట్లసార్లు తిప్పకుండా అయాన్లను పట్టలేం.

వాస్తవం: అయస్కాంతాన్ని తోడు చేసుకుంటే పట్టవచ్చు. అలా పట్టే పెన్నింగ్ ట్రాప్ పాతదే. 2024లో ఈటీహెచ్ జూరిచ్‌లో జోనథన్ హోమ్ బృందం దాన్ని చిప్ మీద, 3 టెస్లాల అయస్కాంతంలో అమర్చి, ఒక బెరీలియం అయాన్‌ను కావలసిన దిశల్లో తిప్పి చూపించింది. పాత పద్ధతిలో దారులు ఎలక్ట్రోడ్ల అమరికకు కట్టుబడి ఉంటాయి, ఇక్కడ ఆ కట్టుబాటు తగ్గింది. అయితే అక్కడ తిరిగింది ఒక్క అయానే. ఇలాంటి గుంటల్లో వేర్వేరు అయాన్లను పక్కపక్కన నిలిపి వాటి మధ్య గేటు నడపడం దాని తర్వాతి మెట్టు.