సిస్టర్ల ఇంటి సంగతులు

గుంటూరు వాళ్లకు సెయింట్ జోసెఫ్ ఆసుపత్రి గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. దాన్ని నిలబెట్టిన డాక్టరమ్మ ఎక్కడి మనిషో తెలుసా? ఆస్ట్రేలియా. పేరు మేరీ గ్లౌరీ. 1887లో విక్టోరియా రాష్ట్రంలో పుట్టి, మెల్‌బోర్న్‌లో వైద్యం చదివి, అక్కడే ప్రాక్టీసు పెట్టి మంచి పేరు తెచ్చుకున్నారు. 1915లో ఒక చిన్న పుస్తకం ఆమె చేతికి వచ్చింది. ఆడ డాక్టర్లు లేక భారతదేశంలో తల్లులూ బిడ్డలూ ఎలా చనిపోతున్నారో అందులో చదివారు. ఇక మనసు ఊరుకోలేదు. 1919లో ప్రసూతి, స్త్రీల వ్యాధులు, కంటి వైద్యాల్లో ఎం.డి. పూర్తిచేసి, మరుసటి ఏడాదే గుంటూరు వచ్చి జీసస్ మేరీ జోసెఫ్ సభలో చేరారు. మనం జె.ఎం.జె. సిస్టర్లు అంటామే, వాళ్ల సభే.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. సిస్టర్లు వైద్యవృత్తి చేయడానికి అప్పట్లో చర్చి నియమాలు ఒప్పుకునేవి కావు. గ్లౌరీ కోసం పోప్ 15వ బెనెడిక్ట్ ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. చిన్న మందుల గదిగా ఉన్నదాన్ని ఆమె పూర్తి ఆసుపత్రిగా పెంచారు. తెలుగు నేర్చుకున్నారు. స్థానిక అమ్మాయిలకు నర్సు పని, మంత్రసాని పని, మందులు కలిపే పని నేర్పించారు. 1943లో దేశంలోని క్యాథలిక్ ఆసుపత్రులన్నిటినీ ఒక్క తాటిమీదికి తెచ్చే సంఘాన్ని స్థాపించారు. ఆ సంఘం ఈనాటికీ సికింద్రాబాదు కేంద్రంగా పనిచేస్తోంది. 1957లో బెంగళూరులో కన్నుమూశారు. 2013లో గుంటూరులోనే ఆమెను ‘దైవ సేవకురాలు’గా ప్రకటించారు. పునీత పట్టానికి అది తొలి మెట్టు.

గ్లౌరీని కదిలించిన ఆ చిన్న పుస్తకం వెనక మరో డాక్టరమ్మ ఉన్నారు. స్కాట్లాండుకు చెందిన ఆగ్నెస్ మెక్‌లారెన్. రావల్పిండిలో పర్దా చాటున ఉండే స్త్రీల కోసం ఆసుపత్రి పెట్టించి, సిస్టర్లను డాక్టర్లు కానివ్వండని రోముకు మళ్లీ మళ్లీ మొరపెట్టుకున్నారు. ఆమె పోయాక ఆ పనిని ఆస్ట్రియా డాక్టరు అన్నా డెంగెల్ భుజాన వేసుకున్నారు. 1925లో మెడికల్ మిషన్ సిస్టర్ల సభ పెట్టారు. చివరికి 1936లో సిస్టర్లు ప్రసూతి వైద్యం సహా అన్ని రకాల వైద్యమూ చేయవచ్చని రోము ఒప్పుకుంది. ఈ రోజు ఏ మిషన్ ఆసుపత్రిలోనైనా పురుడు పోసే సిస్టరు కనిపిస్తే, ఆ హక్కు కొందరు ఆడవాళ్లు ఏళ్ల తరబడి పట్టుబట్టి సాధించుకున్నదని గుర్తుంచుకోవాలి.

మనకు కనిపించేవి ఆసుపత్రి, బడి, హాస్టలు. వాటి వెనక ఒక ఇల్లు ఉంటుంది. ఆ ఇల్లు లేకపోతే ఇవేవీ నడవవు. పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే మూడు వ్రతాలు తీసుకున్నవాళ్లు కలిసి బతికే ఇల్లు అది. చాలా మఠాల్లో తెల్లవారకముందే అందరూ చాపెల్‌లో చేరి ప్రార్థన చేసుకుంటారు. ఆపైన ధ్యానం, పూజ. సాయంత్రం జపమాల. రాత్రి భోజనాలయ్యాక కాసేపు కబుర్లు, ఆటలు, పాటలు. ఆ కాసేపూ గదిలో కూర్చుంటానంటే కుదరదు, అది కూడా దినచర్యలో భాగమే. చివరి ప్రార్థన ముగిశాక తెల్లారేదాకా మౌనం.

డబ్బు సంగతి ఇంకా ఆసక్తికరం. పెద్ద కాలేజీకి ప్రిన్సిపాలైన సిస్టరుకైనా సొంత సంపాదన అంటూ ఉండదు. జీతమూ, తర్వాత వచ్చే పింఛనూ సభకే చెందుతాయి. ఊరు వెళ్లాలంటే చార్జీలకు అడిగి తీసుకోవాలి, తిరిగొచ్చాక లెక్క చెప్పి మిగిలిన చిల్లర అప్పగించాలి. జీవితాంతం కట్టుబడే నిత్య వ్రతాలు తీసుకునే ముందు, కోర్టులో చెల్లే విధంగా వీలునామా కూడా రాయాలని చర్చి చట్టం చెబుతోంది. పాతికేళ్లు దాటీ దాటని అమ్మాయి కూర్చుని వీలునామా రాసే సన్నివేశాన్ని ఒక్కసారి ఊహించండి. ఈ ఉమ్మడి ఖజానా వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ‘మా జీతం సభకు పోతుంది, మాకు ఆదాయమే లేదు’ అని ఎయిడెడ్ విద్యాసంస్థల్లో పనిచేసే సిస్టర్లు, ఫాదర్ల తరఫున వాదించారు. జీతం ఎవరి పేరున వస్తే వారి దగ్గరే పన్ను మినహాయించుకోవచ్చని 2024 నవంబరులో కోర్టు తీర్పు చెప్పింది.

సిస్టరు కావడం ఒక్క రోజులో అయ్యే పనీ కాదు. నొవిషియేటు అనే శిక్షణ కాలం కనీసం పన్నెండు నెలలు. ఆ తర్వాత తాత్కాలిక వ్రతాలు కనీసం మూడేళ్లు. గడువు ముగిశాక వద్దనుకుంటే గౌరవంగా ఇంటికి వెళ్లిపోవచ్చు. మదర్ సుపీరియర్ పదవి కూడా శాశ్వతం కాదు. నిన్నటిదాకా ఇంటిని నడిపిన పెద్దావిడ, గడువు తీరాక తనకన్నా చిన్నదాని మాట వినాల్సి రావచ్చు. నా దృష్టిలో మూడు వ్రతాల్లో అన్నిటికన్నా కష్టమైనది ఈ విధేయతే.

ఏటేటా వ్రతాలు కొత్తగా తీసుకునే సిస్టర్లు కూడా ఉన్నారు. 1633లో పారిస్‌లో విన్సెంట్ డి పాల్, లూయీజ్ ద మరియాక్ స్థాపించిన డాటర్స్ ఆఫ్ చారిటీ వాళ్లు. ఆ రోజుల్లో వ్రతాలు తీసుకున్న స్త్రీ మఠం గోడ దాటకూడదు. గోడ దాటకపోతే వీధిలోని రోగి దగ్గరికి వెళ్లేదెవరు? అందుకే వాళ్లు జీవితకాలపు వ్రతాలు కాక, ఏడాది వ్రతాలు ఎంచుకున్నారు. ఈనాటికీ ఏటా మార్చి 25న వాటిని కొత్తగా తీసుకుంటారు.

మదర్ తెరెసా తన సిస్టర్లకు మొదట అనుకున్న భోజనం ఏమిటో తెలుసా? అన్నం, ఉప్పు. పేదలు తినేదే తినాలని ఆమె ఆలోచన. 1948లో పాట్నాలో మెడికల్ మిషన్ సిస్టర్ల దగ్గర నర్సు పని నేర్చుకునేటప్పుడు ఆ మాట చెబితే, వాళ్లు గట్టిగా కాదన్నారు. ఒంట్లో సత్తువ లేని మనిషి రోగిని ఎలా ఎత్తుతుందని వాళ్ల అభ్యంతరం. తెరెసా విన్నారు. కడుపు నిండా తినడం అప్పటినుంచి వాళ్ల నియమం. ఆ మాట విన్నందుకే ఆమెపై నాకు గౌరవం పెరిగింది. ఆస్తి మాత్రం మూడు చీరలు, ఒక బకెట్, ఇంకో నాలుగు చిన్న వస్తువులు. ఆ నీలి అంచు తెల్ల చీరలను కోల్‌కతా దగ్గర టిటాగఢ్‌లో కుష్ఠురోగులు మగ్గాల మీద నేస్తారు.

మతిమరుపు జబ్బు గురించి డాక్టర్లకు ఈ రోజు తెలిసిన విషయాల్లో కొన్ని సిస్టర్లు ఇచ్చినవే. 1986లో అమెరికాలో డేవిడ్ స్నోడన్ అనే శాస్త్రవేత్త మొదలుపెట్టిన పరిశోధనలో 678 మంది నోటర్‌డామ్ సిస్టర్లు చేరారు. చనిపోయాక మెదడును దానం చేయడానికి అందరూ ఒప్పుకున్నారు. సిస్టర్లే ఎందుకంటారా? ఒకే తిండి, ఒకే రకం ఇల్లు, ఒకే రకం వైద్యం. పోల్చి చూడటానికి ఇంతకన్నా అనువైన సమూహం దొరకదు. పైగా మఠంలో చేరిన కొత్తలో, ఇరవై ఏళ్ల ప్రాయంలో, వాళ్లు చేత్తో రాసిన ఆత్మకథలు బీరువాల్లో భద్రంగా ఉన్నాయి. అందులో భావాలు దట్టంగా నింపి వాక్యాలు రాసినవారికి ముసలితనంలో అల్జీమర్స్ తక్కువగా వచ్చిందని తేలింది. మెదడు నిండా ఆ జబ్బు గుర్తులు ఉన్నా, దాదాపు 102వ ఏట చనిపోయేదాకా చురుగ్గా ఉన్న సిస్టరు కూడా వాళ్లలో ఉన్నారు.

దీర్ఘాయుష్షు సంగతికొస్తే, ఫ్రాన్స్‌కు చెందిన సిస్టర్ ఆంద్రే 118 ఏళ్లు బతికి 2023లో కన్నుమూశారు. అప్పటికి ప్రపంచంలోకెల్లా పెద్ద వయసు మనిషి ఆమే. ఈమె కూడా డాటర్స్ ఆఫ్ చారిటీ సిస్టరే. ఇక చదువు సంగతికొస్తే, అమెరికాలో కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ పొందిన మొదటి మహిళ కూడా ఒక సిస్టరే. మేరీ కెన్నెత్ కెల్లర్, 1965.

సేవ చేస్తూ ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. మధ్యప్రదేశ్‌లో వడ్డీ వ్యాపారుల చేతిలో నలిగిపోతున్న ఆదివాసీ రైతులను కూడగట్టిన కేరళ సిస్టర్ రాణి మరియను 1995 ఫిబ్రవరి 25న బస్సులో వెళుతుండగా పొడిచి చంపారు. ఆమె చెల్లెలు కూడా అదే సభలో సిస్టరు. ఆవిడ జైలుకు వెళ్లి హంతకుడికి రాఖీ కట్టారు. 2017లో ఇండోర్‌లో రాణి మరియను ధన్యురాలిగా ప్రకటించారు.

మన గడ్డకు సిస్టర్ల రాక పాతదే. ఫ్రాన్సు వాళ్ల ఏలుబడిలోని యానాంలో 1849లోనే ఆనెసీ సెయింట్ జోసెఫ్ సిస్టర్లు దిగారు. 1871లో సికింద్రాబాదుకు సెయింట్ ఆన్స్ సిస్టర్లు వచ్చారు. అప్పటినుంచి ఎన్ని తరాల ఆడపిల్లలు వాళ్ల దగ్గర అక్షరాలు దిద్దారో లెక్కలేదు. పదవీ విరమణ చేసిన సిస్టర్లకు చూడవచ్చే కొడుకులూ కోడళ్లూ ఉండరు. సభ చూసుకుంటుంది, నిజమే. అయినా మీకు చదువు చెప్పిన సిస్టరు ఇంకా ఉన్నారేమో కనుక్కోండి. ఉంటే ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లి పలకరించి రండి.