హైదరాబాదు కంటింజెంటు సిపాయిలు: వరుస యుద్ధనియోగాలు - మనోధైర్యం, ప్రేరణలు (1857-1918)

వ్యాససంగ్రహం:
ఒకే సైనికుణ్ణి మళ్లీమళ్లీ యుద్ధానికి పంపినప్పుడు అతని మనోధైర్యం తగ్గుతుందన్నది సాధారణాభిప్రాయం. హైదరాబాదు కంటింజెంటు చరిత్ర ఈ అభిప్రాయాన్ని కొంత సవరిస్తుంది. 1857లో ఢిల్లీకి నడవబోమన్నదీ, 1858లో ఇంటిదారి పట్టి కూడా గ్వాలియరు యుద్ధానికి వెనుదిరిగినదీ ఒకే సైన్యం. నియోగాల సంఖ్యతో పాటు, కొలువులో చేరినప్పటి షరతులు ఎంతవరకు నిలిచాయన్నది కూడా సైనికుని మనఃస్థితిని నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హైదరాబాదు కంటింజెంటు, పాతబస్తీ, మక్కా మసీదు, సిలాదారీ పద్ధతి, మనోధైర్యం, యుద్ధనియోగం.

1. ఉపోద్ఘాతం:
1857 జులై 17, శుక్రవారం. పాతబస్తీలోని మక్కా మసీదు వద్ద గుమిగూడిన జనం తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అలాఉద్దీన్‌ల నాయకత్వంలో మూసీ దాటి బ్రిటిష్ రెసిడెన్సీపైకి నడిచింది. రెసిడెన్సీకి ఎదురుగా ఉన్న ఇళ్లను ఆక్రమించి కాల్పులు జరిపింది. ఫిరంగుల ముందు ఆ దాడి నిలవలేదు. చరిత్ర రచనల్లో ఇది ప్రధానంగా పౌరుల తిరుగుబాటుగా నమోదయింది. అయితే దీని వెనుక ఒక సైనిక సమస్య ఉంది. కంటింజెంటు అశ్వదళానికి చెందిన జమాదారు చీదాఖాన్, మరికొందరు సవార్లు ఔరంగాబాదు నుంచి పారిపోయి నగరానికి రాగా, దివాను మొదటి సాలార్‌జంగ్ వారిని బంధించి రెసిడెన్సీకి అప్పగించాడు. వారిని విడిపించాలన్నది ఆనాటి ప్రధానమైన కోరికల్లో ఒకటి. కాబట్టి ఆ సవార్లు దళాన్ని విడిచి ఎందుకు వచ్చారన్న ప్రశ్న నుంచే ఈ పరిశీలన మొదలవుతుంది.

2. సిద్ధాంత నేపథ్యం:
సైనికుని ప్రేరణలను చరిత్రకారుడు జాన్ లిన్ మూడుగా విభజించాడు. కొలువులో చేరడానికి పురికొల్పేది మొదటిది. కష్టాలమధ్య కొలువులో నిలిపి ఉంచేది రెండవది. కాల్పుల నడుమ ముందుకు నడిపించేది మూడవది. మొదటిదానికి బతుకుతెరువు, వంశగౌరవం మూలం కావచ్చు. రెండవదానికి జీతం, న్యాయమైన వ్యవహారం, పోరు ధర్మబద్ధమన్న నమ్మకం ఆధారాలు. మూడవది ఎక్కువగా పక్కనున్న తోటివారిని బట్టి ఉంటుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో వైద్యాధికారిగా పనిచేసిన లార్డ్ మోరాన్ 1945లో వెలువరించిన గ్రంథంలో, ధైర్యం ఖర్చు పెట్టేకొద్దీ తరిగిపోయే మూలధనం వంటిదని వాదించాడు. ఇరాక్‌లోని అమెరికా సైన్యంపై 2008లో వెలువడిన మానసిక ఆరోగ్య నివేదిక ఈ వాదానికి బలమిచ్చింది. అందులో మానసిక సమస్యలు కనబరచిన దిగువశ్రేణి నాయకులు మొదటి నియోగంలో సుమారు 12 శాతం, రెండవదానిలో 18.5 శాతం, మూడు లేదా నాలుగవ నియోగంలో 27.2 శాతం. అరుగుదల నిజమని ఈ అంకెలు చెబుతాయి. కానీ అలసిన సైన్యం ఒకచోట ఎందుకు ఎదురుతిరుగుతుంది, మరొకచోట ఎందుకు నడుస్తుంది అన్నదానికి అంకెలొక్కటే సమాధానం కావు.

3. కొలువు షరతులు - సిలాదారీ పద్ధతి:
రెసిడెంటు హెన్రీ రసెల్ కాలంలో ఏర్పడిన రసెల్ బ్రిగేడు కంటింజెంటుకు పూర్వరూపం. 1817 డిసెంబరు 21న మాళవదేశంలోని మహిద్‌పూర్ యుద్ధంలో అది పాల్గొన్నది. తరువాతి దశాబ్దాల్లో జమీందార్ల, రోహిల్లాల, అరబ్బుల అలజడులను అణచడానికి ఈ సైన్యాన్ని పదేపదే వాడారు. జీతాల భారం నిజాం ఖజానాను అప్పుల్లోకి నెట్టింది. చివరకు 1853 ఒప్పందం ద్వారా బీరారు, రాయచూరు అంతర్వేది, నల్‌దుర్గ్ ప్రాంతాలను దీని ఖర్చు నిమిత్తం కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. నాటి నుంచి కంటింజెంటు కంపెనీ అదుపులో నడిచింది. దాని పేరు నిజాముది, ఆజ్ఞ బ్రిటిష్‌వారిది.

అశ్వదళం సిలాదారీ పద్ధతిలో సాగేది. గుర్రం, సామగ్రి సవారువి లేదా అతని సిలాదారువి. గుర్రం చస్తే, కుంటిదైతే నష్టం కొంతైనా అతని మీద పడేది. అందువల్ల సవారుకు ప్రతి కొత్త దండయాత్ర ప్రాణభయంతో పాటు కుటుంబ ఆస్తిని పణంగా పెట్టడం కూడా. సైనికుణ్ణి ఇలా ఆస్తిపరునిగా చూసినప్పుడే అతని గొణుగుడులోని లెక్క అర్థమవుతుంది.

4. ఔరంగాబాదు 1857 - గ్వాలియరు 1858:
1857 జూన్‌లో మొమినాబాదు నుంచి ఔరంగాబాదుకు తరలించిన మొదటి అశ్వదళంలో, తమను ఢిల్లీకి నడిపిస్తారన్న వదంతి పుట్టింది. నిజాం సరిహద్దులు దాటబోమని, ఢిల్లీ పాదుషాపై కత్తి ఎత్తబోమని సవార్లు భీష్మించారు. పుణె వైపు నుంచి వచ్చిన జనరల్ వుడ్‌బర్న్ సేన వారిని అణచివేసింది. కొందరికి మరణశిక్షలు పడ్డాయి. చీదాఖాన్ వంటివారు హైదరాబాదు దారి పట్టారు.

ఇక్కడ గమనించవలసిన అంశం ఒకటుంది. ఇదే సైన్యం 1817లో నిజాం రాజ్యం దాటి పోరాడింది. కాబట్టి సరిహద్దు ఒక్కటే అడ్డంకి అనుకోవడానికి వీల్లేదు. ఎవరి మీదికి పంపుతున్నారన్నది అసలు ప్రశ్న. శత్రువు మారినప్పుడు పాత షరతు గుర్తుకు వచ్చింది. పైన చెప్పిన రెండవ ప్రేరణ ఇక్కడ తెగింది.

కంటింజెంటులోని మిగిలిన దళాలు సర్ హ్యూ రోజ్ సైన్యంతో మధ్యభారతంలో ఝాన్సీ, కూంచ్, కాల్పీ యుద్ధాలలో పోరాడాయి. 1858 మే నెల ఎండలకు వడదెబ్బ తగిలి సైనికులు కూలిపోయారు. రోజ్ స్వయంగా పలుమార్లు స్పృహతప్పాడు. కాల్పీ పతనం తరువాత కంటింజెంటుకు ఇంటికి వెళ్లే అనుమతి లభించింది, తిరుగు ప్రయాణం మొదలైంది. ఇంతలో జూన్ 1న గ్వాలియరు తిరుగుబాటుదారుల వశమైంది. ఇంటిముఖం పట్టిన దళాలు వెనుదిరిగి మళ్లీ యుద్ధానికి నడిచాయి.

అధికారిక రచనలు దీనిని రాజభక్తిగా కీర్తించాయి. ఆ రచనలు అధికారులవి, సిపాయిలవి కావని పరిశోధకులు గుర్తుంచుకోవాలి. నెలల తరబడి కలిసి పోరాడిన దళంలో ఏర్పడే పరస్పర బాధ్యత, ఔరంగాబాదు శిక్షల భయం, జీతం, బహుమానాల ఆశ - ఇవన్నీ కలిసి పనిచేసి ఉండవచ్చు. ఒక మాట మాత్రం స్పష్టం. అలసట ఒక్కటే తిరస్కారానికి కారణమైతే, 1857 కంటే 1858లోనే అది ఎక్కువగా కనబడవలసింది.

5. ఫ్రాన్సు నుంచి పాలస్తీనా దాకా:
1903లో కంటింజెంటు దళాలు భారత సైన్యంలో కలిసిపోయాయి. వాటి వారసురాలైన 20వ డెక్కన్ హార్స్, సికింద్రాబాదు అశ్వ బ్రిగేడులో భాగంగా 1914లో ఫ్రాన్సు చేరింది. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హైవుడ్ వద్ద గుర్రాలపై దాడి చేసింది. మిగతా కాలంలో ఎక్కువ భాగం కందకాల పనిలో, నిరీక్షణలో గడిచింది. 1918లో దానిని పాలస్తీనాకు తరలించారు. నిజాం సొంత ఖర్చుతో పంపిన హైదరాబాదు ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా రంగాలలో యుద్ధాంతం వరకు ఉన్నారు.

ఫ్రాన్సులోని భారత సైనికుల ఉత్తరాలను సెన్సారు అధికారులు చదివి సారాంశాలు తయారుచేశారు. గాయం మానినవారిని మళ్లీ కందకాలకే పంపడం వారిలో తీవ్ర నిరాశ కలిగించిందని వాటివల్ల తెలుస్తుంది. ఒకసారి గాయపడితే రుణం తీరినట్లేనని సిపాయి భావన. సైన్యం లెక్క వేరు. 15వ లాన్సర్లు ఫ్రాన్సు నుంచి మెసపొటేమియాకు బదిలీ అయ్యాక, 1916లో తోటి ముస్లిములపై, పవిత్రస్థలాల దిశగా నడవడానికి నిరాకరించారు. ఇది ఔరంగాబాదు ఘటనకు దగ్గరి పోలిక. తుర్కీ ఖలీఫాపై యుద్ధమన్న ఇదే సంకటం హైదరాబాదు ముస్లిం సైనికులకూ ఉన్నది. వారి విషయంలో సొంత ప్రభువైన నిజాం బ్రిటిష్‌వారి పక్షాన నిలవాలని బహిరంగంగా పిలుపునివ్వడం ఆ సంకటాన్ని కొంత సడలించి ఉంటుంది.

6. ముగింపు:
పై పరిశీలనల వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి.

ఒకటి, వరుస నియోగాలు సైనికుని శరీరాన్నీ మనస్సునూ అరగదీస్తాయి. ఈ విషయంలో మోరాన్ వాదం, ఆధునిక గణాంకాలు ఏకీభవిస్తాయి.

రెండు, ఆ అరుగుదల తిరస్కారంగా మారడానికి సాధారణంగా మరొక కారణం తోడవుతుంది. శత్రువు మారడం, తిరుగు ప్రయాణపు గడువు చెరగడం, నష్టం సైనికుని నెత్తిన పడడం అటువంటివి.

మూడు, మొదటి రెండు ప్రేరణలు సడలినా తోటివారిపట్ల బాధ్యత సైనికుణ్ణి కొంతకాలం నడిపించగలదు. అయితే దానిని సంతృప్తిగా పొరబడకూడదు. గ్వాలియరుకు వెనుదిరిగిన సిపాయి మౌనాన్ని సమ్మతిగా చదివినవారే, ఔరంగాబాదు సవారు మాటను కేవలం ద్రోహంగా చదివారు.

సైనిక మనోధైర్యాన్ని అధ్యయనం చేసేవారు నియోగాల సంఖ్యతో పాటు, ప్రతి నియోగంలో సైనికునికిచ్చిన మాట ఎంత నిలిచిందో కూడా లెక్కించవలసి ఉంది. మక్కా మసీదు నుంచి రెసిడెన్సీ దాకా నడిచిన జనం కథ పూర్తిగా అర్థం కావాలంటే, దానికి నెలరోజుల ముందు ఔరంగాబాదు శిబిరంలో తలెత్తిన ఈ ప్రశ్నను కూడా కలిపి చదవాలి.