చీనావారి శలాకాప్రశ్నము – మన యెఱుక



మన యనంతపురసీమలో వాన రాకున్నను, ఇంటిలో జబ్బు పోకున్నను మనుష్యుడు ఎవరినో యొకరిని అడుగక మానడు. కొందఱు ఎఱుకలసాని చేట ముందు కూర్చుండి సోది యడుగుదురు. కొందఱు చిలుక తీసిన చీటి చదివించుకొందురు. మఱికొందఱు ఎఱ్ఱపూవొకటి, తెల్లపూవొకటి వేఱువేఱు పొట్లములు కట్టి, దేవుని ముందుంచి, పసిబిడ్డచేత నొకటి తీయింతురు. ఈ యాచారము మనకే కలదని తలపవలదు. చీనావారిలో నిది వేళ్లూనిన మహావృక్షము. అందు రోగికి పనికివచ్చున దెంత, పనికిరాని దెంత యను విషయమును నేడు ముచ్చటింతును.

హాంకాంగు నగరమున 1921వ సంవత్సరమున వెలసిన వాంగ్ తై సిన్ ఆలయము ఈ ప్రశ్నమునకు మిక్కిలి ప్రసిద్ధము. ఆ దేవుడు పూర్వాశ్రమమున గొఱ్ఱెలకాపరియట. ఎనిమిదవ యేట మంద వెంట తిరిగిన పేదబాలుడు పదునైదవ యేట కొండగుహ చేరి తపస్సు చేసెను. నలువది యేండ్లకు అన్న వెదకుకొనుచు వచ్చి “నీ గొఱ్ఱెలేవి?” యని యడుగగా, కొండమీది తెల్లరాళ్లను పిలిచి గొఱ్ఱెలుగా లేపెనని కథ. మన బీళ్లలో రాళ్లకు కొదువ లేదు గాని, ఆ పిలుపు తెలిసిన కాపరి యింకను పుట్టవలసియున్నాడు.

ప్రశ్న యడుగు విధమిది. వెదురుగొట్టములో నూఱు వెదురుపుల్ల లుండును. ప్రతి పుల్లకు నొక యంకె. అడుగువాడు మోకరించి, తన ప్రశ్నను మనస్సున నిలుపుకొని, గొట్టమును వాల్చి యాడించును. ఒక పుల్ల జాఱి క్రిందపడును. పలుచోట్ల అంతటితో నమ్మరు. అర్ధచంద్రాకారముగ నొకవైపు చదునుగను, ఒకవైపు ఉబ్బుగను ఉన్న రెండు కొయ్యబిళ్లలను నేలపై వేయుదురు. ఒకటి చదునుగను, ఒకటి ఉబ్బుగను పడినచో దేవు డొప్పుకొన్నట్లు. లేనిచో మరల ఆడింపవలసినదే. పిదప ఆ యంకెకు చెందిన చీటి నిత్తురు. అందు నాలుగు పాదముల పద్యమును, దానికి రోగము, ప్రయాణము, వ్యాజ్యము, వివాహము మున్నగు విషయములలో ఫలమును ఉండును.

ఆ పద్యములు చాలవఱకు ఏమి చెప్పునో వినుడు: తొందరపడకుము, ఉన్నదానితో తృప్తిపడుము, కాలము వచ్చువఱకు ఓర్చుకొనుము. ఇందు తప్పు పట్టవలసినది నాకు కనబడదు. నిదుర పట్టని మనిషి గంటసేపు నెమ్మదిగ గూర్చుండి, తన్ను వేధించున దేదో స్పష్టముగ తనకు తాను చెప్పుకొనినచో, చిక్కులో సగము వదలును. మన యెఱుకలసాని విషయమును అంతే. కోడలి గోడు ఇంటిలో వినువారు లేనప్పుడు చేయి పట్టుకొని వినునది యామెయే. దీనిని నవ్వి త్రోసివేయుట చదువుకొన్నవారికి తగదు.

అయితే చీనావారు మఱియొక మెట్టు ముందుకు పోయిరి. ఫూకియెన్ రాష్ట్రమునందును, తైవాను ద్వీపమునందును మందుపుల్లలు కలవు. 979 మొదలు 1036 వఱకు జీవించెనని చెప్పబడు నొక వైద్యుడు మరణానంతరము అక్కడ దేవుడై పూజ లందుచున్నాడు. ఆయన గుడులలో పుల్ల లాగినచో చీటిమీద మూలికల పేళ్లును, తూకములును ఉండును. దానిని మూలికల యంగడికి గొనిపోయి మందు కట్టించుకొందురు.

ఇచ్చట నేనాగుదును. నూఱు పుల్లల గొట్టమున నొక రోగి నే డొక పుల్ల తీసి, రేపు మరల తీసెననుకొనుడు. నూటికి తొంబదితొమ్మిది పాళ్లు వేఱు పుల్లయే పడును. రోగము మాఱలేదు; మందు మాఱినది! మఱి పుల్లకు పేరెట్లు వచ్చెను? పడిసెము, సామాన్యజ్వరము మందు లేకున్నను వారములోపల చాలవఱకు తగ్గును. తగ్గినవాడు గుడికి వచ్చి కొబ్బరికాయ కొట్టును. చచ్చినవాడు ఫిర్యాదు చేయుటకు రాడు.

కావున “కోడలితో సర్దుకొందునా, వేఱు పడుదునా” యని పూవు నడుగవచ్చును. పాము కఱచినప్పుడు అడుగరాదు. విషమునకు విఱుగుడు సూది ఆసుపత్రిలోనే కలదు. పొట్లములు కట్టు సమయములో 108 బండిని పిలువవలెను. రెండువారములు దాటిన దగ్గునకు చిలుక చీటి కాదు, కఫపరీక్ష కావలెను. ప్రభుత్వాసుపత్రిలో దానికి రుసుము లేదు. (రామచిలుకను పంజరమున నుంచుట 1972 నాటి వన్యప్రాణి చట్టమునుబట్టి నేరమనియు జోస్యులకు చెప్పుడు.) పసిబిడ్డకు విరేచనము లగుచున్నచో ఉప్పు, చక్కెర కలిపిన పొట్లపు నీళ్లు వెంటనే త్రాగింపవలెను.

మన సీమలో పుల్లప్రశ్న మఱియొకటి కలదు. పంగలపుల్ల చేతబట్టియో, అఱచేత టెంకాయ నిలిపియో, బోరునకు చోటు చూపువారు మీ రెఱిగినవారే. ఏటికి అయిదువందల యేబది మిల్లీమీటర్ల వాన గల ఈ గట్టిరాతి నేలలో, నీరు రాతి పగుళ్లలో మాత్రమే యుండును. ఒక బోరెండి, రెండవది యెండి, మూడవదానికి అప్పుచేసిన యిండ్లు ఏ యూర లేవు? దొరకిన నీరైనను ఎంతలోతునుండి వచ్చినదో యను చింత యొకటి కలదు. రాతిలోని ఫ్లోరైడు ఆ నీట కరగియుండును. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు మించినచో, ఏండ్లు గడచుకొలది పండ్లపై మచ్చలు, కీళ్లనొప్పులు, తుదకు వెన్ను వంగుటయు కలుగును. కాచినంతమాత్రమున నది పోదు. నీరు ఆవిరియై తఱిగి, మఱింత చిక్కబడును.

కాన అసలైన శకునము మీ మనుమల నోటనే యున్నది. పాలపండ్లు రాలి వచ్చిన క్రొత్తపండ్లపై సుద్దవంటి తెల్లచారలో, పసుపు మచ్చలో యున్నవేమో వెలుతురున చూడుడు. ఉన్నచో ఆ బోరునీటిని శుభ్రమైన సీసాలో పట్టి, గ్రామీణ నీటిసరఫరా శాఖవారి పరీక్షాలయమునకు పంపుడు. ఫలితము వచ్చునంతవఱకు వాననీరుగాని, పరీక్షించిన కొళాయి నీరుగాని పిల్లలకు త్రాగనిండు. మన తాతలు తిన్న రాగిసంకటిని, పాలు మజ్జిగలను విడువవలదు. అందలి సున్నపుసత్తువ ఎముకకు బలము. సీసామీద ఊరి పేరును, బోరు లోతును వ్రాయుట మఱువకుడు.